మేస్త్రి గారూ, కుళాయి కారుతోందండీ

"మేస్త్రి గారూ, మా కుళాయి మళ్ళీ కారుతోందండీ. తమరికి తీరికైతే ఓమాటు దయచేయండి."

రాజోలు బజారులో, సైకిల్ షాపు పక్కగదిలో పైపుకి మరలు కోస్తున్న జోజి తలెత్తి చూశాడు. గుమ్మంలో సైకిలు పట్టుకుని ప్రభాకరరావు మాస్టారు నిలబడి ఉన్నారు. స్వయానా కన్నతండ్రి.

కోనసీమలో కోపం పెరిగినకొద్దీ మర్యాద పెరుగుతుంది. జోజి టీచర్ ట్రైనింగు మధ్యలో వదిలేసి కుళాయిల పని నేర్చుకుని వచ్చిననాడు, "మాస్టారికీ మేస్త్రికీ ఎంత తేడా అండి నాన్నగారూ" అన్నాడు. ఆ మాటతో కొంప మునిగింది. వాళ్ళ తాత మిషను బడి పంతులు, తండ్రి హైస్కూలు హెడ్మాస్టరు. "పనుంటే పిలుస్తాం, వద్దురు గాని. ఊరికే మాత్రం మా గుమ్మం తొక్కకండి" అన్నారు మాస్టారు. ఆ రోజుతో "ఒరే" పోయి "అండీ" వచ్చింది. కన్నతండ్రి చేత అండీ అనిపించుకోవడం కన్నా రెండు దెబ్బలు తినడం నయమని జోజికి చాలాసార్లు అనిపించింది.

అది పంచాయతీ వాళ్ళు ఇంటింటికీ కుళాయిలు ఇస్తున్న ఏడాది. డెబ్భైతొమ్మిది. జోజికి చేతినిండా పని. ఊళ్ళో అతను బిగించిన కుళాయి ఒక్కటీ నోరు విప్పలేదు. కన్నవాళ్ళింటి కుళాయి మాత్రం మూడు నెలల్లో మూడుసార్లు కారింది. ఆ ఇంట్లో ఉండేది మాస్టారూ, అమ్మ కృపమ్మా ఇద్దరే. మొదటిసారి వాషరు మార్చాడు. రెండోసారి మరలకి జనపనార చుట్టి, రంగు పూసి బిగించాడు. మూడోసారి ఏకంగా కొత్త ఇత్తడి కుళాయే పెట్టాడు. ఇది కూడా కారితే ఈ పనికి నేను పనికిరానట్టే, నోరు మూసుకుని ట్రైనింగుకి పోతాను అని తనకి తానే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు అదే కారుతోంది. ఎప్పుడూ అమ్మ కబురు పెట్టేది. ఈసారి ఆయనే వచ్చారంటే, పరువు తీయడానికి కాక మరెందుకు?

"ఆయ్, వత్తన్నానండి," అని జోజి సంచీ భుజాన వేసుకున్నాడు. ఆ సంచీ ఎప్పుడూ అంత బరువనిపించలేదు.

వెళ్ళేసరికి కృపమ్మ పెరట్లో ఉంది. రెండు రోజులు మామిడికుదురులో చెల్లెలింట ఉండి అప్పుడే బస్సు దిగింది. చేతిలో సంచీ చేతిలోనే ఉంది. కారుతున్న కుళాయి వంక నోరు తెరుచుకుని చూస్తోంది.

మాస్టారు కుర్చీ తెచ్చుకుని కుళాయికి ఎదురుగా కూర్చున్నారు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు.

"నెమ్మదిగా కానివ్వండి మేస్త్రి గారూ, తొందరేం లేదు. కారుతోంది కదా అని కుళాయిని మరీ బిర్రుగా కట్టకూడదండీ. వాషరు నలిగిపోతుంది."

"ఆయ్. అది పోయినసారి నేను మీకు చెప్పిందేనండి."

"మంచిమాట ఎవరు చెప్పినా మంచిమాటేనండీ. దేనికైనా ముందు వీధిలో వాల్వు కట్టేసుకోవాలి. కట్టేరా అండీ?"

"కట్టేనండి."

కట్టలేదు. జోజి బుర్రలో ట్రైనింగు దరఖాస్తు తిరుగుతోంది. రెంచి నాలుగు తిప్పులు తిప్పేసరికి కుళాయి తల ఊడి చేతికొచ్చింది. నీళ్ళు సూటిగా వెళ్ళి మాస్టారి మొహాన కొట్టాయి. కళ్ళజోడు ఒళ్ళో పడింది. జుబ్బా ఒంటికి అంటుకుపోయింది. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"నీళ్ళు బాగానే వస్తున్నాయండీ," అన్నారు.

జోజి వీధిలోకి పరిగెత్తి వాల్వు కట్టి వచ్చాడు. నవ్వు రావలసిన చోట ఏడుపు వస్తోంది. కుళాయి విప్పి చూశాడు. వాషరు కొత్తదానిలాగే ఉంది. నట్టు మాత్రం వదులైపోయింది. తన చేత్తో బిగించిన నట్టు నెల తిరక్కుండా వదులైందంటే, ఇంక ఆ చెయ్యి ఎందుకు? మళ్ళీ బిగించాడు. చుక్క ఆగింది.

వెళ్ళొస్తానని లేవబోతుంటే మాస్టారు తల తుడుచుకుంటూ భార్యతో అన్నారు. "పొద్దున్న బజార్లో కొర్రమేను తెచ్చేను. పులుసు పెట్టు. మేస్త్రి గారు భోంచేసి వెళ్తారు."

పని ఊడగొట్టి మరీ విందు పెడుతున్నారనుకున్నాడు జోజి. కాదనే ఓపిక కూడా లేక కూర్చున్నాడు.

వెనక వసారాలో కంచం ముందు కూర్చుని అమ్మతో అన్నాడు.

"అమ్మా, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఊరంతా గెలిచి మనింట్లో నాలుగుసార్లు ఓడిపోయేను. నా చేతిలో పనితనం లేదమ్మా. రేపే ట్రైనింగుకి దరఖాస్తు పెట్టేత్తాను. నాన్నగారికీ అదే కదా కావాలి."

పులుసు వడ్డిస్తున్న కృపమ్మ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ముందుగదిలో మాస్టారు తుమ్మారు. ఆవిడ లేచి వెళ్ళి నడవ తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కొడుకు పక్కన చతికిలబడి, చెవి దగ్గర గొంతు తగ్గించింది.

"ఇదివరకు మూడుసార్లూ నువ్వొత్తావని కుళాయిని కెలికింది నేనేరా జోజీ, ఈసారి మాత్రం దేవుడి తోడు, నేను కాదు."