షోరూమ్‌కి ముందు స్నానం

కారు చచ్చిపోయింది. పొద్దున్నే, ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, జనమంతా చూస్తుండగా. ఒక్కసారి గర్రుమంది, నల్లగా పొగ వదిలింది, అంతే.

ఇహ్సాన్ దాన్ని తాడు కట్టి లాగించుకుని నేరుగా షోరూమ్‌కి పోలేదు. ఎలా పోతాడు? కేప్‌టౌన్‌లో, అందులోనూ మా అథ్లోన్‌లో, బుద్ధున్నవాడెవడూ పోడు. ముందు మెకానిక్ గలీల్ అన్న దొడ్లోకి తెచ్చాడు.

గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు, ఉరిమే సైలెన్సరు, బండిలోని కంప్యూటర్‌కి తగిలించి ఇంజిన్‌ని రెచ్చగొట్టే చిన్న నల్ల పెట్టె. కారు నిండా ఇదే సరుకు. ఇలాంటివి కంటబడితే వారంటీ గోవిందా అని మా పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకే షోరూమ్‌కి వెళ్ళేముందు అన్నీ విప్పేసి, బండిని పుట్టినప్పటిలా చేసేస్తారు. ఆ పనికి మా వీధుల్లో స్నానమని పేరు.

అవేవీ ఇహ్సాన్ పెట్టించుకున్నవి కావు. సెకండ్ హ్యాండ్ కారు. ఎవరో లాయరు కొన్నాళ్ళు వాడి, వారంటీ ఉండగానే అమ్మేశాడు, సరుకంతా దాంతోనే వచ్చింది. అలాగని ఇతగాడేమైనా తక్కువ తిన్నాడా? సిగ్నల్ దగ్గర గర్జించకుండా ఒక్కరోజు ఇల్లు చేరలేదు.

"అన్నా, ఇక నువ్వే దిక్కు," అన్నాడు.

అనడా మరి! మసాలా కంపెనీలో సేల్స్‌మన్ ఉద్యోగం. కొట్టుకొట్టుకీ తిరగాలి. సొంత కారు లేనివాడికి అక్కడ పని లేదు. కొత్త ఇంజిన్ కొనే తాహతు లేదు. బ్యాంకు వాయిదాలు ఇంకా బోలెడున్నాయి. ఇంట్లో భార్య మైమూనాకి ఆరో నెల. వారంటీ దక్కితే సంసారం నిలబడుతుంది. దక్కకపోతే నడిరోడ్డే.

గలీల్‌ది పేరుమోసిన చెయ్యి. శుక్రవారం నమాజుకి ముందు వరసలో కనిపించే మనిషి. టార్చి పట్టుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు చూశాడు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఆయిల్ పంపు పోయిందిరా. తయారీలోనే లోపం. పూర్తిగా కంపెనీ తప్పు."

"అయితే ఇంజిన్ ఇస్తారుగా అన్నా?"

"ఈ పెట్టె చూశాక ఇస్తారట్రా, పిచ్చోడా? సాకు దొరుకుతుందా అని కాచుక్కూచుంటారు వాళ్ళు. నీ పెట్టే నీ ఇంజిన్‌ని చంపిందంటారు."

ఇహ్సాన్ బండి తాళాలు అన్న చేతిలో పెట్టేశాడు.

ఆదివారమంతా స్నానం సాగింది. గలీల్ భార్య కొబ్బరి పొడి చల్లి వేడివేడి కుక్‌సిస్టర్లు, అదే, పాకంలో ముంచిన బూరెలు, పంపింది. ఇహ్సాన్ వాటిని పక్కన పెట్టి పానాలు అందిస్తూ కూర్చున్నాడు. గలీల్ ఒక్కొక్కటీ విప్పాడు. ఎక్కడో గుద్దుకుని తుక్కయిన అదే రకం బండి పార్టులు తెచ్చి బిగించాడు. కంప్యూటర్‌ని చెరిపి మళ్ళీ రాశాడు. బోల్టుల మీద పాత జిడ్డు పులిమాడు. ఈదురుగాలి లేచి దుమ్ము కొడితే నవ్వాడు. "చూశావా, గాలి కూడా మన పార్టీయే."

"ఎంతివ్వమంటావన్నా?"

"నీ దగ్గర డబ్బు తీసుకుంటే నాకు అరుగుతుందిరా? ఆ విప్పినవి ఇక్కడే పడేసి వెళ్ళు. నీ ఇంట్లో ఉంటే ఎప్పటికైనా గండమే."

ఇహ్సాన్ ఆ జిడ్డు చేతుల్ని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"ఒక్క మాట గుర్తుంచుకో," అన్నాడు గలీల్. "వాళ్ళేం అడిగినా తెలీదను. నోరు జారావో, ఇద్దరం మునుగుతాం."

షోరూమ్‌లో తనిఖీ చేసినాయన పేరు వాన్ రాయెన్. బట్టతల, నెమ్మదైన మాట.

"ఆయిల్ పంపు మా తప్పే," అని ఆయనే ఒప్పుకున్నాడు. ఇహ్సాన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ ఈ సైలెన్సరు ఈ కారుది కాదు. ఫిల్టరూ కాదు. వీటి మీద నంబర్లు వేరే బండివి. కంప్యూటర్‌ని కూడా ఎవరో కెలికారు. ఎవరు?"

"తెలీదు సార్."

"పోనీ వీటికి ముందు ఏముండేవి? దాచకు బాబూ. చెబితే ఏదైనా దారి చూస్తాను."

మంచివాడిలాగే ఉన్నాడు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఇహ్సాన్ మింగేశాడు.

"తెలీదు సార్. కొన్నప్పట్నుంచీ ఇలాగే ఉంది."

వాన్ రాయెన్ నిట్టూర్చాడు. వారంటీ రద్దని రాసి సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. మసాలా కంపెనీ శాంపిళ్ళ సంచీ వెనక్కి తీసుకుంది. వాయిదా తప్పగానే బ్యాంకువాళ్ళొచ్చి బండిని ఈడ్చుకుపోయారు, అప్పు మాత్రం వదిలివెళ్ళారు. ఇంటద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేశారు. మైమూనా పురిటికని పుట్టింటికి వెళ్ళింది. బిడ్డ పుట్టినా తిరిగి రాలేదు.

ఒక సాయంత్రం ఇహ్సాన్ కాలినడకన గలీల్ దొడ్డికి వచ్చాడు. ఇంకెక్కడికి పోతాడు?

"నువ్వు చెయ్యాల్సిందంతా చేశావన్నా. నా రాతే బాగాలేదు," అని భుజం మీద పడి బావురుమన్నాడు.

"ఊరుకోరా తమ్ముడూ. పైవాడున్నాడు," అని గలీల్ వీపు నిమిరాడు. ఇంట్లోంచి అన్నం, కూర కట్టించి చేతికిచ్చాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

అతను వీధి మలుపు తిరిగాక గలీల్ లోపలికొచ్చి, అక్కడ కూర్చున్న కొత్త బేరగాడి ముందు ఇహ్సాన్ కారులోంచి విప్పిన సరుకంతా పరిచి, నల్ల పెట్టెని తిరగేసి అడుగున ముద్ర చూపిస్తూ, "భయపడకు, ఇవి బయటి సరుకు కాదు, కంపెనీవాళ్ళే తయారుచేసి తమ షోరూమ్‌లోనే బిగించి అమ్మినవి, వీటి మూలంగా వారంటీ పోయిన బండి ఇంతవరకూ ఒక్కటీ లేదు," అన్నాడు.