విన్నవారికి బొట్టుబిళ్ల

గేటు తోసుకుని వచ్చిన పెద్దాయన గుమ్మం ముందే చెప్పులు విడిచాడు.

"బడి ఇడిపియ్యనీకి వచ్చిన బిడ్డా," అన్నాడు.

హిమబిందుకు ప్రాణం లేచివచ్చింది. ఒక్క బిడ్డ కోసమైనా ఇంటి పెద్ద వచ్చాడు కదా!

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. ఆ ఉదయం మాదాపూర్ ప్రశాంతంగానే ఉండడంతో, తల్లిదండ్రులు తమ పసివాళ్లను ఆ చిన్న బడిలో దింపి ఆఫీసులకు వెళ్లిపోయారు. తీరా ఎండ ముదిరాక, కొత్తగూడ నుంచి ఊరేగింపు బయలుదేరిందన్న కబురు వచ్చింది. ఆమె అందరికీ ఫోన్లు చేసింది. ఎవరూ ఇంకా చేరుకోలేదు. ఆయా కనకమ్మ వెనుక గదిలో పాలు కాస్తోంది.

నంద్యాల నుంచి వచ్చి ఏడాదైనా నిండని ఆ యువ ఉపాధ్యాయినిని రెండు భయాలు పీడిస్తున్నాయి. పిల్లలు బెదిరి వీధిలోకి పరుగెత్తుతారేమోనన్నది పెద్ద భయం. నోరు తెరిస్తే తన యాస పట్టుబడుతుందేమోనన్నది పైకి చెప్పుకోలేని భయం.

"మీరు ఎవరి తాతగారండీ?"

"అందరి తాతనే," అని నవ్వాడాయన.

"పిల్లలకు చెబుతున్న కథ సగంలో ఉంది, కాసేపు కూర్చోండి. పిల్లల అమ్మానాన్నలు దారిలో ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా ఒక్కరినీ ఒంటరిగా గేటు దాటనివ్వను."

ఆయన ఏదో చెప్పబోయి, పిల్లలను చూసి ఆగిపోయాడు. చిన్న ఎర్రకుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చున్నాడు.

గది సంతను తలపిస్తోంది. చైతన్య అనే బుడతడు స్టీలు డబ్బా మీద దరువు వేస్తున్నాడు.

హిమబిందు అటు చూడనేలేదు.

"లిఖిత నా వైపే చూస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. చక్కగా వింటున్నావు, లిఖితా!" అంటూ ఆ పాప చేతి మీద ఒక బొట్టుబిళ్ల అంటించింది.

పక్కనున్న పిల్లలు గబగబా చేతులు ఒళ్లోకి లాక్కున్నారు. డబ్బా చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"చైతన్య డబ్బా పక్కన పెట్టి విన్నాడు!"

వాడికీ ఒక బొట్టుబిళ్ల దక్కింది. వాడి ముఖం విప్పారింది.

"వానికి రెండు తగిలియ్యక బొట్టు వెడ్తివేంది, పంతులమ్మా?"

"అల్లరినే పట్టించుకుంటే అల్లరే చేస్తారు, తాతగారూ. విన్న మరుక్షణమే పేరు పెట్టి పిలిచి, ఏం బాగా చేశారో చెప్పాలి. ఉత్తినే మంచివాడివి అంటే వాళ్లకేం అర్థమవుతుంది?"

"మా నాయిన చెవు వట్టి తిప్పుతుండె. చెవు పెరిగింది గని ఇనుడు పెరగలే!"

కథ ముగిసేసరికి గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

"టీచర్, తాత కూడా విన్నాడు," అంది లిఖిత.

పెద్దాయన బుద్ధిగా చేయి చాపాడు. ఆ ముడతల మీద పాప బొట్టుబిళ్ల అంటించింది.

అప్పుడే గేటు దడదడలాడింది.

"బంద్ చెయ్యాలె! బడి బంద్ చెయ్యాలె!"

పిల్లలు బావురుమన్నారు. హిమబిందు వాళ్లను కిటికీ అద్దాలకు దూరంగా గోడ వారకు చేర్చింది.

పెద్దాయన లేచాడు.

"నువ్వు పిల్లల సూడు. నేను మాట్లాడొస్త."

"వద్దండీ! పెద్దవారు, మిమ్మల్ని తోసేస్తారు!"

"తోస్తరా? సూద్దాం తియ్."

అలికిడికి పరుగెత్తుకొచ్చిన కనకమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "ఫికర్ జెయ్యకు టీచరమ్మా," అంది.

గేటు వద్ద అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఆయన గొంతు పెంచలేదు. ముందు వరుసలో కర్ర దించిన ఒక కుర్రవాడి వైపు వేలు చూపాడు.

"వీరేశం కట్టె కింద వెట్టిండు. నా దిక్కే సూస్తున్నడు. శభాష్ వీరేశం, మంచిగ ఇంటున్నవ్!"

తన చేతి మీది బొట్టుబిళ్లను ఊడదీసి, అతని చేతికి అంటించాడు.

గుంపులో నవ్వులు పుట్టాయి.

"గదేంది తాతా, నేను గూడ ఇంటున్న గద!"

"ఔ, నర్సింలు గూడ ఒర్రుడు ఆపిండు. సూసిన."

ఒకరిని చూసి ఒకరు నోళ్లు కట్టేసుకున్నారు.

"లోపల పసిపోరలున్నరు. అవ్వనాయినలు వచ్చెదాంక మనం ఈడనే కూసుందాం. వాళ్లకు తొవ్వ ఇద్దాం."

అందరూ రోడ్డు మీదే చతికిలబడ్డారు. స్కూటర్లు ఒక్కొక్కటే వచ్చాయి. గుంపు ఒదిగి దారి ఇచ్చింది. వీరేశం ఒక పిల్లవాడి సంచీ మోసుకెళ్లి బండికి తగిలించాడు. చిట్టచివరగా లిఖిత, తల్లి భుజం మీంచి చేయి ఊపుతూ వెళ్లిపోయింది.

హిమబిందు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మరుక్షణమే ఉలిక్కిపడింది. తాతగారు తన మనవడినో, మనవరాలినో తీసుకువెళ్లనేలేదు!

గేటు దగ్గరికి పరుగెత్తింది. వీధి ఖాళీగా ఉంది. ఆయన పేరైనా అడగలేదే అని మనసు చివుక్కుమంది.

"కనకమ్మా, ఆ తాతగారు బడి విడిపించడానికి వచ్చానన్నారు. మరి ఏ బిడ్డనూ తీసుకుపోలేదేం?"

కనకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బడి ఇడిపిచ్చుడంటే పిల్లల తోలుకపోవుడు కాదు టీచరమ్మా, బడి మూపిచ్చుడు. గా జులూసును కొత్తగూడ కెల్లి నడిపిచ్చుకుంట, అందరికన్న ముంగట వచ్చిందే మా మొగిలి తాత!"