దాటిన తాడు

"తాడు గిట్ల నేల మీద పరిస్తే ఎవలో ఒకలు దాటుతరు సార్. దాటిన తాడు అక్కరకు రాదు. జర పైన యాలాడదియ్యుండ్రి," అంది భద్రమ్మ, అన్నం గిన్నె చంకన పెట్టుకుని.

మల్లికార్జున్ వినిపించుకోలేదు. భువనగిరి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వేసవి శిబిరం అది. ఆయన పిల్లలకు గుట్ట ఎక్కడం నేర్పే కోచ్, ఆమె వంటమనిషి. శిబిరం మొదలైన నాటి నుంచి, ఎండాకాలమని కూడా చూడకుండా ముసురు పట్టుకుంది. గుట్ట ఎక్కడం రోజురోజుకూ వాయిదా పడుతోంది. శిబిరానికి ఉన్న ఒకే ఒక్క పెద్ద తాడు తడిసి, వంటింటి ముందు వరండాలో ఆరుతోంది.

వాన తెరిపిస్తే ఆ తాడు నడుముకు కట్టుకుని గుట్ట ఎక్కే పిల్లల్లో భద్రమ్మ కూతురు మల్లిక కూడా ఉంది. భద్రమ్మ గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. జీవాన్ని కట్టే తాడును ఎవరైనా దాటితే ఆ జీవం దక్కదని వాళ్లింట్లో నమ్మకం. అందుకే చేతిలో మరిగే పప్పు ఉన్నా సరే, వానలో దిగి వరండా చుట్టూ తిరిగి వచ్చేది గాని తాడు దాటేది కాదు. పిల్లలనూ అట్లాగే తిప్పేది. పప్పులో వాన నీళ్లు పడుతున్నాయని పిల్లలు పళ్లాలు తోసేశారు. కొందరు తాడంటేనే భయపడి, మేము గుట్ట ఎక్కమని మొండికేశారు.

ఆ మాట చెవిన పడగానే మల్లికార్జున్ వంటింటి ముందుకు వచ్చాడు.

"ఏం భద్రమ్మా, పోరగాండ్లకు ఏం నూరిపోస్తున్నవ్? ఇది మీ గొర్రెపిల్లను గట్టే తాడనుకున్నవా? లారీని గుంజినా తెగది."

"లారీకి తల్లి ఉండది సార్," అంది ఆమె.

పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన మొహం నల్లబడింది. ఆమె కళ్లలోకి చూస్తూనే తాడు మీద నుంచి అటు దాటాడు. మళ్లీ ఇటు దాటాడు. "ఇగో, దాటిన. ఏమైంది? ఆకాశం ఇరిగి పడ్డదా?" అని, పిల్లల్ని చూసి చప్పట్లు కొట్టమన్నాడు. ఒక్కరూ కొట్టలేదు.

భద్రమ్మ గంటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆయన అన్నం ముందర పెట్టుకుని, ముద్ద ముట్టకుండా తాడు వంకే చూస్తూ కూర్చున్నాడు. తన మీద శిబిరం చూసుకునే సుమన మేడంకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తున్నాడనుకుంది ఆమె. అనుకున్నట్టే మర్నాడు మేడం పిలిచి చీవాట్లు పెట్టింది. పిల్లలను బెదిరించే మనిషి తనకు అక్కర్లేదంది. ఇంకొక్క మాట వినబడితే తల్లినీ కూతుర్నీ ఒకే బస్సెక్కిస్తానంది. బస్సు ఎక్కడానికి భద్రమ్మకు అభ్యంతరం లేదు. మల్లికే ససేమిరా అంది. గుట్ట ఎక్కి గాని ఇంటికి రానని తల్లితో మాట్లాడ్డమే మానేసింది.

చివరి రోజు పొద్దున ఎండ కాసింది. గుట్ట ఆరింది. పిల్లలు బూట్లు కట్టుకుని వరసలో నిలబడ్డారు. తాడు మాత్రం లేదు.

గదులన్నీ వెతికారు. మంచాల కింద, కట్టెల కింద, నీళ్ల ట్యాంకు వెనక కూడా చూశారు. అందరికన్నా ముందు మల్లికార్జునే అన్నాడు, వారం నుంచి తాడు తాడు అని ఏడ్చిందెవరో వాళ్లనే అడగమని. సుమన మేడం భద్రమ్మ సంచి తెచ్చి అందరి ముందు బోర్లించింది. రెండు చీరలు, కొబ్బరినూనె సీసా, మల్లిక కోసం దాచిన సకినాలు నేల మీద పడ్డాయి.

"ఏడ పెట్టినవే అమ్మా? ఇచ్చెయ్యరాదు," అంది మల్లిక, పళ్లు బిగించి. "నీ వల్ల అందరు నన్నే చూస్తున్నరు."

"నేను ముట్టలే బిడ్డా."

సుమన మేడం మల్లికను చెయ్యి పట్టి ముందుకు లాగింది. "ముట్టకుంటే నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టు. గప్పుడే నమ్ముత."

భద్రమ్మ చెయ్యి లేచింది. కూతురి తల దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయింది. చెప్పేది నిజమే. అయినా బిడ్డ మీద ఒట్టు. పొరపాటున ఎప్పుడైనా తాడుకు కాలు తగిలిందేమో, చీర కుచ్చిళ్లు దాని మీద ఆడాయేమో, ఎవరు చూడొచ్చారు. తప్పు తనదైతే తగిలేది బిడ్డకు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా మీద పెట్టుకుంట మేడం. పొయ్యిల చెయ్యి పెట్టమన్నా పెడుత. నా బిడ్డ మీద పెట్టను."

"అంటే నువ్వే తీసినవన్నట్టు. బట్టలు సదురుకో."

మల్లిక తల్లికి దూరంగా జరిగి నిలబడింది. భద్రమ్మ కిందికి వంగి, పగిలిన సకినాలు ఏరుకుంటూ ఒక్కసారి తలెత్తి మల్లికార్జున్‌ను చూసింది.

"మీరన్న చెప్పుండ్రి సార్. నేను తీసిన్నా?"

సుమన మేడం గేటు దగ్గరి ఆటోను పిలిచింది. పిల్లలు బూట్లు విప్పడం మొదలుపెట్టారు. భద్రమ్మ సంచి మూతి ముడేసి, మెట్లు దిగి, గేటు దాకా నడిచి ఆటోలో కాలు పెట్టింది. అప్పుడు వెనక నుంచి మల్లికార్జున్ కేక వేశాడు.

"ఆమెను ఆపుండ్రి మేడం. తాడు హాస్టల్ ఎనక పాతబాయిల ఉన్నది, నేనే ఏసిన. నేను దాటిన తాడుకు పోరగాండ్లను ఎట్ల కట్టాలె?"