బల్ల కింద వైరు

విడాకుల విచారణ ఆన్‌లైన్‌లో జరుగుతోంది. విడివిడిగా ఉంటున్నా, ఆవేళ ఇద్దరం నా కంప్యూటర్ ముందే కూర్చున్నాం. జడ్జిగారు అడగ్గానే నేను సమ్మతమేనన్నాను. అతని వంతు వచ్చేసరికి తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కలిపాం, మళ్ళీ పోయింది.

"ఇంకోసారి తెగితే వాయిదా వేసేస్తానమ్మా" అన్నారు జడ్జిగారు. ఈ రోజు కోసం నేనెంత తిరిగానో నాకే తెలుసు.

అతను బల్ల కింద దూరాడు.

"నువ్వే పీకుతున్నావా ఏంటి?" అన్నాను.

"అంత తెలివే ఉంటే ఇక్కడిదాకా ఎందుకొస్తాను? రౌటర్ బానే ఉంది. వైరు చివర క్లిప్పు విరిగింది. వేలితో నొక్కిపడితే నిలుస్తోంది, వదిలితే జారిపోతోంది."

"నువ్వక్కడే కూర్చుంటే జవాబెవరు చెప్తారు, నేనా?"

"అయితే నువ్వు పట్టుకో."

చీర కుచ్చిళ్ళు ఎగదోపి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నాను. వైరు నొక్కిపట్టగానే దాని పక్కన పచ్చదీపం వెలిగింది. అతను కుర్చీలో కూర్చున్నాడు.

"మీకూ సమ్మతమేనా?" జడ్జిగారి గొంతు స్పష్టంగా వినిపించింది.

జవాబు రాలేదు. మళ్ళీ తెగిందేమోనని ఇంకా గట్టిగా నొక్కాను. దీపం వెలుగుతూనే ఉంది.

"వినిపిస్తోందా? లైను పోయిందా?" అన్నారు జడ్జిగారు.

నా ముఖం పక్కనే అతని పాదాలు. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"లైను బానే ఉందండీ" అన్నాడు. ఆపైన ఇంకేమీ అనలేదు.