వ్రతం ఫొటో

"మీ వంటమనిషి సుబ్బులు సుబ్బులు కాదట లీలా, సువార్తట! ఆదివారమొస్తే నెత్తిన కొంగు కప్పుకుని చర్చికి పోతుందట. మా ఊళ్లో ప్రాణభయం, అమెరికాలోనే ఉండనివ్వండని అసైలం కేసు వేసిందట, అదీ ఓడిపోయిందట, ఇహ వెనక్కి పంపించేస్తారట" అని పక్కింటి రచన చెత్తడబ్బా గరాజ్‌లోకి తోసుకుంటూ చెప్పిపోయింది. రచనకు తెలిసిందంటే ఫ్రిస్కోలో సగం తెలుగిళ్లకు తెలిసినట్టే. ఆ మాట ఇంకా మింగుడు పడకముందే లీల ఇంటి బెల్లు మోగింది.

తలుపు తీస్తే ఎదురుగా వంటమనిషే. పక్కన లాప్‌టాప్ బ్యాగు తగిలించుకున్న ఓ పిల్ల. లీల చూపు తిన్నగా వంటమనిషి నుదుటి మీదికి పోయింది. బోసిగా ఉంది. రెండేళ్లుగా తన ఇంట్లో అమ్మవారికి పులిహోర కలిపింది ఈ మనిషేనా అనిపించింది.

"హాయ్ ఆంటీ, నేను ఇషా. సువార్తగారి లాయర్‌ని. కొంచెం మాట్లాడొచ్చా?" అంది ఆ పిల్ల. ఇక్కడే పుట్టి పెరిగిందని ఆ నాలుగు ముక్కల్లోనే తెలిసిపోయింది.

ఇషా సోఫాలో కూర్చుంది. సువార్త అలవాటు కొద్దీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడబోయి, ఏమనుకుందో, నాలుగడుగులు వెనక్కి వేసి వీధి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏం సుబ్బులూ, రెండేళ్లు నా వంటింట్లో తిరిగావు. ఒక్క ముక్క చెప్పాలనిపించలేదూ?"

"చెప్తే రానిస్తారా అమ్మా? అందుకే చెప్పలా."

ఇషా ఫోన్ ముందుకు చాపింది. నిరుడు లీల ఇంట్లో జరిగిన వరలక్ష్మీ వ్రతం ఫొటో. కలశం పక్కన ప్రసాదం పళ్లెం పట్టుకుని సువార్త నవ్వుతోంది, నుదుట ఎర్రటి బొట్టుతో. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది లీలే.

"గవర్నమెంట్ లాయర్ కోర్ట్‌లో ఇది చూపించాడు ఆంటీ. క్రిస్టియన్ అయితే పూజలో ఏం చేస్తోంది అని. పని కోసం బొట్టు పెట్టుకున్నానని ఈవిడ చెప్పింది. మీ పేరు మాత్రం చెప్పలేదు. జడ్జి నమ్మలేదు. అమెరికాలో నిన్ను ఎవరు ఫోర్స్ చేస్తారు అన్నాడు. క్లెయిమ్ డినై చేశాడు. పైనున్న ఇమిగ్రేషన్ బోర్డ్ కూడా అదే కరెక్ట్ అంది. ఇప్పుడు అపీల్స్ కోర్ట్‌కి వెళ్లాం."

"మరి అక్కడే చెప్పుకోండమ్మా."

"అక్కడ కొత్త ఎవిడెన్స్ చూడరు. ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టి కింది జడ్జి చేసింది రైటా రాంగా, అంతే. ఫైల్‌లో ఈ ఫొటో ఉంది, మీ మాట లేదు. మీరు స్టేట్‌మెంట్ ఇస్తే, కేస్ రీఓపెన్ చేయమని బోర్డ్‌ని అడుగుతాను. బొట్టు లేకపోతే పనిలోకి రానివ్వనన్నాను అని మీరు రాస్తే చాలు."

లీలకు ఒళ్లు మండింది. "నేనెప్పుడన్నాను అలాగ?"

"మొదటిరోజు బాత్‌రూమ్ అద్దానికున్న స్టిక్కరు తీసి మీ చేత్తో మీరే పెట్టారు గదమ్మా," అంది సువార్త. "బోసి మొహంతో పొయ్యి ముట్టొద్దన్నారు."

"అది ఆప్యాయంగా పెట్టాను!"

మేడ మెట్ల మీంచి మొగుడు మనోహర్ గొంతు వినిపించింది. ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి అంతా వింటున్నట్టున్నాడు. "లీలా, దేని మీదా సైన్ చేయకు. మన గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. కోర్టు ఫైళ్లలో మన పేర్లెందుకు?"

లీలకు ఊపిరి వచ్చింది. "విన్నావుగా ఇషా. అయినా నేనంత కసాయిదాన్ని కాదు. మంచిదని రాసిస్తా, నమ్మకస్తురాలని రాసిస్తా. క్రిస్టియనని నాకు ముందు నుంచీ తెలుసు, నేనేం పట్టించుకోలేదు అని కూడా రాస్తా. సరేనా?"

ఇషా తల పట్టుకుంది. "అయ్యో ఆంటీ, అలా రాస్తే ఉన్నది కూడా పోతుంది! మీకు ప్రాబ్లం లేకపోతే ఈవిడ బొట్టెందుకు పెట్టుకుంది? జడ్జి అన్నదీ అదే కదా."

"అయితే మతం పట్టింపు ఉన్నదాన్నని నా చేత్తో నేనే రాసిమ్మంటావా? రేపు నేను నలుగురిలో తలెత్తుకు తిరగొద్దూ?"

"వెనక్కి పంపితే ఈవిడ మళ్లీ వాళ్ల ఊరికే వెళ్లాలి. ప్రేయర్ షెడ్‌కి నిప్పు పెట్టారు ఆంటీ అక్కడ. లోపల ఈవిడ హజ్బెండ్ ఉన్నాడు. పెట్టినవాళ్లు ఇప్పటికీ బయటే తిరుగుతున్నారు."

లీలకు జాలి వేసింది, నిజంగానే వేసింది. కానీ జాలి పడటం వేరు, సంతకం పెట్టడం వేరు.

ఇక లాభం లేదని ఇషా బ్యాగు సర్దుకుని లేచింది. సువార్త చెప్పుల్లో కాళ్లు దూర్చబోతోంది. ఆ మనిషిని అలా ఉత్త చేతులతో పంపడానికి లీలకు మనసొప్పలేదు. పైగా శుక్రవారం మళ్లీ వ్రతం. పిలుపులన్నీ అయిపోయాయి. ఇప్పటికిప్పుడు ఇంకో వంటమనిషి ఎక్కడ దొరుకుతుంది?

"ఆగవే. నిన్ను పనిలోంచి తీసేస్తానన్నానా నేను? శుక్రవారం పొద్దున్నే వచ్చెయ్. నీ దేవుణ్ణి నీ ఇంట్లో కొలుచుకో, ఎవరొద్దన్నారు? నా గడప తొక్కేటప్పుడు మాత్రం ఎప్పట్లాగే ఇంత బొట్టు పెట్టుకుని రా. అంతకు మించి నేనేం అడుగుతున్నాను?"

ఇషా తలుపు దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది. సువార్త ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని లీల వంక చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"మా ఊరోళ్లు కూడా మొదట ఇంతే అడిగారమ్మా."