గ్లాసు పలికిన స్వరం

పాపకి నిద్దట్లో ఊపిరాగిపోతుందేమోనన్నదే ఏంజెలిన్‌కి అన్నిటికన్నా పెద్ద భయం. అందుకే ఆదివారం పాట సాధనకి రాత్రిపూట ఖాళీగా ఉన్న మనుబోలు చర్చికొచ్చినా పాపను వెంట తెచ్చుకుని, పక్కనే చీర ఉయ్యాల కట్టుకుంది.

“సన్నగా గీపెట్టబాకమ్మా,” అని పొద్దునే చెప్పాడు పాటలు నేర్పే జడ్సన్ మాస్టారు. “కింద బరువుండాల, పైన గంటలా మోగాల. కుదిరిందంటే బల్లమీద స్టీలు గ్లాసు దానంతటదే మోగుద్ది.”

ఏంజెలిన్ మూడోసారి పాడేసరికి గ్లాసు మోగింది. మురిసిపోయి పాట ఆపింది. మోత ఆగలేదు. గ్లాసుని అరచేత్తో అదిమింది. గ్లాసు ఊరుకుంది గానీ, అదే స్వరం ఉయ్యాల్లోంచి నిండుగా వస్తోంది. ఎంతటి పాటగత్తెయినా మధ్యలో గుక్క తిప్పుకోవాల్సిందే. ఈ స్వరం తిప్పుకోవడం లేదు.

చీర తొలగించడానికి ఏంజెలిన్‌కి చెయ్యి రావడం లేదు. మీరెవరైనా మనుబోలు దారిన పోతుంటే, కాస్త చర్చిలోకెళ్లి పాపను చూడండయ్యా.