ఆదివారం పడవెక్కని జోగులు

“నేను పడవెక్కను భయ్యా.”

కన్నారావు చేతిలోని తాడు ఇసుకలోకి జారింది. జంగ్లీఘాట్ రేవులో పడవ అతనిదైనా చుక్కాని ఎప్పుడూ జోగులుదే. ఆదివారమొస్తే పోర్ట్‌బ్లెయిర్ బజారంతా చేపల కోసం కాచుకుని ఉంటుంది. ఆ ఆదివారం పూటే జోగులు చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.

“ఏటైందిరా నీకు?”

“గుండె బాగోలేదు. వారానికో రోజు పని ముట్టుకోకూడదని డాక్టరుబాబు సెప్పాడు. ముట్టుకుంటే పానానికే మోసమట.”

“నీకు గుండె జబ్బా! నీది గుండేటిరా, ఓడ లంగరు!”

కన్నారావు అన్నదాంట్లో తప్పేమీ లేదు. జోగులు ఒకసారి నిద్రలోనే తెడ్డేసి, పడవని పక్క దీవికి చేర్చేశాడని పేటలో చెప్పుకుంటారు. అక్కడ ఒడ్డున పడుకున్న మొసలిని దుంగనుకుని దానికే పడవ తాడు కట్టేశాడట. తెల్లారేదాకా ఆ మొసలి మొహమాటపడి కదల్లేదట. అలాంటివాడు విశ్రాంతి అంటే ఎవరు నమ్ముతారు?

“ఈయేళ రాకపోతే చుక్కాని నూకన్నకిచ్చేస్తాను. మళ్లీ అడిగినా నీకు రాదు, సూసుకో.”

“ఇచ్చెయ్ భయ్యా,” అన్నాడు జోగులు. చుక్కాని వైపు ఓసారి చూసి, ఇంటివైపు నడిచాడు.

ఇంట్లో ఇంకో యుద్ధం. సీతాలు రోజూ చేపలు మోసే గంపలో పిల్లల బట్టలు కుక్కుతున్నాడు మొగుడు.

“గంప నాకు కావాలి మావా. నువ్వెల్లకపోతే అప్పయ్య పడవకాడ చేపలు కొనుక్కుని డాలీగంజ్ తిరిగి అమ్ముకొస్తాను.”

“మరి పిల్లల బట్టలు నా నెత్తిన పెట్టుకోనా? ఫెరార్గంజ్ ఎల్తన్నాం. పిల్లలూ, అమ్మా, నేనూ.”

“నేనేటి సెయ్యాలి పొద్దల్లా?”

“జబ్బు మనిషినే, నన్నడుగుతావేటి?” అంటూ పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

“బీడీ మానేశానన్నావుగా!”

“బీడీ మానమన్నాడు గానీ అగ్గిపెట్టి మానమన్లేదు డాక్టరు.”

తల్లి గురువమ్మ గుమ్మంలో చతికిలబడింది. “నన్నెందుకురా ఈడుస్తావు? ఇంటికాడుంటే కోడలు గంజి కాసి పోస్తాది.”

“నువ్వు పక్కన లేకపోతే నాకు నిద్దర పట్టదే అమ్మా.”

నెరిసిన మీసాల కొడుకు ఆ మాట అనేసరికి ముసలమ్మ మురిసిపోయి ముందుగా బయల్దేరింది.

ఆ పేటలో ఒక మర్యాద ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే పేటకి పేటే పరామర్శకు వస్తుంది. వచ్చినవాళ్లకి టీ కాచి ఇవ్వకపోతే ఆ ఇంటి ఆడది ఏడాదిపాటు మాటలు పడుతుంది. అందుకని జోగులు వీధి తలుపుకి బయట తాళం వేశాడు.

“నేను లోపలుండగా తాళమేటి?” లోపల్నుంచి సీతాలు అరిచింది.

“పెరటి తలుపు తీసే ఉంది కదే. నన్ను సూడ్డానికొచ్చినోళ్లు తాళం సూసి పోతారని!”

ఫెరార్గంజ్‌లో గవరయ్య పొలం. జోగులూ అతనూ ఒకే ఓడలో ఈ దీవులకొచ్చారు. గవరయ్య చెట్టు కింద మంచం వాల్చాడు. జబ్బు మనిషి దాని మీద ఒక్క నిమిషం వాలితే ఒట్టు! పిల్లలకు నీళ్లు పోశాడు, అన్నం వండి తల్లికి పెట్టాడు, ఆమె కాళ్లు పిసికాడు, మాసిన బట్టలన్నీ ఉతికి ఆరేశాడు.

“ఇదేం విశ్రాంతిరా? దీనికంటే వల లాగడమే హాయి కదా!”

“నాకిలాగే బాగుంది గవరయ్యా.”

“పోనీ, మధ్యాహ్నం బస్సుకెళ్లి ఇంట్లో పడుకో.”

“అమ్మో! ఆఖరి బస్సుదాకా కదిలేది లేదు.”

ప్రతి ఆదివారమూ అదే తంతు. కన్నారావు అన్నంత పనీ చేశాడు. మిగతా రోజుల్లో నూకన్న చుక్కాని పడుతుంటే, జోగులు కుర్రాళ్ల పక్కన కూర్చుని తెడ్డు వేశాడు. రేవులో మాటలు పడ్డాడు.

“పెళ్లాన్ని కొంపలో పారేసి షికార్లు తిరిగే జమీందారండీ!”

“గుండె జబ్బంటే ఇంత బాగుంటాదని తెలీదురా, నాకూ ఒకటి ఇప్పించు!”

జోగులు నవ్వేవాడు. ఆదివారం మాత్రం పడవెక్కలేదు.

వానలు పట్టేముందు మళ్లీ ఆసుపత్రికి రమ్మన్నాడు డాక్టరు. జోగులు సీతాల్ని వెంటబెట్టుకుని బయల్దేరితే, కన్నారావు కూడా పక్కన నడిచాడు.

“నేనూ వస్తాను. నీ గుండె నాటకమేటో ఈయేళ తేలిపోవాలి.”

మొగుడూ పెళ్లాలు తెర వెనక్కి వెళ్లారు. కన్నారావు ఇవతలే నిలబడి చెవులు రిక్కించాడు. లోపల బల్ల కిర్రుమంది.

“గట్టిగా ఊపిరి... బస్, చాలు. ఠీక్ హై,” అన్నాడు డాక్టరు. “మొదటిసారి చూసినప్పుడు ఈ గుండె వానలదాకా ఆడుతుందనుకోలేదు జోగులు. ఆ ఆదివారాలే గుండెని నిలబెట్టాయి. ఇకముందు కూడా తప్పకూడదు.”

“తప్పదు బాబూ,” అన్నాడు జోగులు. “సముద్రం ఎండిపోయినా తప్పదు.”

కన్నారావుకి చెంప మీద కొట్టినట్టయింది. నాటకం కాదు, నిజంగానే చావు అంచుదాకా వెళ్లొచ్చిన గుండె! అలాంటి మనిషిచేతనా తను తెడ్డు వేయించింది?

ఇవతల్నుంచే అరిచాడు. “ఒరే జోగులూ! రేపట్నుంచి చుక్కాని నీదేరా! ఆదివారం నూకన్న పడతాడు, నువ్వు రేవుకొస్తే కాళ్లిరగ్గొడతాను!”

లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. కన్నారావు ఇక ఆగలేక తెర పక్కకు లాగాడు.

జోగులు బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. బల్ల మీద పడుకున్న సీతాలు లేచి కూర్చుంది.